పీడనమాపక వాక్యానికి టీక

మూలం: "పీడనమాపకమును వీక్షించిన పిదప మాత్రమే మోటారును నడుపవలెను."

అవతారిక: ఇళ్లలో పెట్టుకునే ప్రెషర్ పంపులతో వచ్చే పుస్తకాలలో ఈ తరహా వాక్యం తరచు కనబడుతుంది. ఎంత పీడనం ఉండాలో చెప్పదు. లేకుంటే ఏం చేయాలో చెప్పదు. అందుచేతనే వ్యాఖ్యానం అవసరమైంది.

తాత్పర్యం: గేజి చూడాలి.

టీక: తక్కిన పదాలు సుబోధాలు. మాపకం మాత్రమే విచార్యం. ఇది 1849లో యూజీన్ బూర్డాన్ పేటెంటు పొందిన వంపు గొట్టం. లోపల నీరు నొక్కితే గొట్టం వంపు విప్పుకోబోతుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. దీని సున్నా నిజమైన సున్నా కాదు, చుట్టూ ఉన్న గాలి పీడనమే. ఆ గాలి సంగతి గెలీలియోకూ చిక్కలేదు. పీల్చే పంపు పద్ధెనిమిది మూరలు దాటి నీరెత్తదని 1638 నాటి గ్రంథంలో చెబుతూ, నీటిస్తంభం తన బరువుకు తానే తెగుతుందన్నాడు. ఆయన చివరి నెలల్లో దగ్గరుండి పనిచేసిన టొరిచెల్లి 1644 నాటి లేఖలో సిద్ధాంతం తిరగరాశాడు: మనుషులు గాలిసముద్రం అడుగున బతుకుతున్నారు, నీటిని నెట్టేది ఆ గాలి బరువే. ఆ బరువు సుమారు పది మీటర్ల నీటికి సమానం. ప్లంబరు "ఒక కేజీ ప్రెషర్" అన్నా దాదాపు అంతే; ఇక్కడ శాస్త్రానికీ ప్లంబరుకూ ఏకవాక్యత. షవరుకు మూడు మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు ఇచ్చేది 0.3 కేజీ మాత్రమే. పంపు కొనడానికి హేతువు అదే.

శంక: గేజి గోడవైపు తిరిగి ఉన్నప్పుడు వీక్షణం ఎట్లు?

సమాధానం: అసాధ్యం. "మాత్రమే" అన్నారు గనుక ఆ ఇంట స్నానం నిషిద్ధం.

మరొక శంక: "నడుపవలెను" అన్నదానికి కర్త ఎవరు?

సమాధానం: ఎవరూ లేరు. పీడనం తగ్గితే మోటారును ఆన్ చేసేదీ, పెరిగితే ఆపేదీ ప్రెషర్ స్విచ్చి. ఆజ్ఞ మనిషికి, పని స్విచ్చిది.

విశేషం: గేజి ప్రయోజనం వేరు. కుళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆగాక కూడా ముల్లు మెల్లగా దిగుతుంటే ఎక్కడో లీకు ఉంది, లేదా నాన్‌రిటర్న్ వాల్వు పట్టడం లేదు. కుళాయి తిప్పగానే ముల్లు ఢామ్మని పడి, మోటారు క్షణక్షణం ఆగుతూ నడుస్తుంటే ప్రెషర్ ట్యాంకులో గాలి పోయినట్టు. కరెంటు ఆపి, నీరంతా వదిలేశాక గాలి కొలవాలి. మోటారు ఆన్ అయ్యే పీడనం కంటే అది సుమారు 0.14 కేజీ తక్కువ ఉండాలి. నీరుండగా కొలిస్తే కనబడేది నీటి పీడనమే. ఇక రెండు మూడు కేజీలకు నడిచే ఇంటి పంపుకు పదహారు కేజీల డయలు బిగిస్తే ముల్లు ఎప్పుడూ మొదటి మూలలోనే కదులుతుంది, అర కేజీ తేడా కంటికి ఆనదు. ఆరు కేజీల డయలు చాలు. దానిని మనిషి నిలబడే వైపుకు తిప్పి బిగించడానికి స్పానరు ఒక్కటి చాలును.