హాస్టల్ గదిలో ఏడు తరాలు

అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ గది. కిటికీ గూట్లో పాలిటీ గైడుకీ, కరెంట్ అఫైర్స్ జిరాక్సు కట్టకీ మధ్య ఇరుక్కున్న పాత పుస్తకం తన కథ చెప్పుకుంటోంది. 'నేను' అనడం మాత్రం దానికి రాదు. ఇన్నేళ్లూ పరాయివాళ్ల సంగతులే చెప్పిన నోరు కదా, సొంత గోడు కూడా ఎవరిదో అన్నట్టే చెబుతుంది.

దాని పేరు 'ఏడు తరాలు'. కన్నవాడు అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ. ఇరవయ్యేళ్లు కోస్ట్ గార్డ్‌లో కొలువు చేసినవాడు. 1976లో 'రూట్స్' తెచ్చాడు. మరుసటి జనవరిలో అది ఎనిమిది రాత్రులు వరసగా టీవీలో వస్తే అమెరికా ఇళ్లు కదలకుండా చూశాయి. 1977లోనే పులిట్జర్ ప్రత్యేక పురస్కారం.

తెలుగులో పెంచింది సహవాసి, అసలు పేరు జంపాల ఉమామహేశ్వరరావు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలినాళ్లలో వేసిన పుస్తకాల్లో ఇదొకటి. ఆ లావుపాటి నవలను ఆయన బాగా కుదించాడు. 'వేళ్లు' అని పేరు పెట్టి ఊరుకోలేదు. కుంటా కింటే, కిజ్జీ, జార్జి, టామ్, సింథియా, బెర్తా, హేలీ: లెక్కపెడితే సరిగ్గా ఏడు. పెళ్లి సంబంధానికి అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు తవ్వే జనానికి ఇంతకన్నా ఎరిగిన మాట ఏముంది? సగం అనువాదం ఆ పేరులోనే అయిపోయిందని పుస్తకానికి గర్వం.

మచ్చ లేదనదు. తన నవల 'ది ఆఫ్రికన్' నుంచి ఎత్తేశాడని హెరాల్డ్ కోర్లాండర్ దావా వేస్తే, 1978లో హేలీ డబ్బిచ్చి రాజీపడ్డాడు. వంశవృక్షంలో కొన్ని కొమ్మలకు ఆధారాలు లేవన్న పరిశోధకులూ ఉన్నారు. ఆ మాటొస్తే దీని గొంతు తగ్గుతుంది.

మొదటి పేజీల్లో ఒకచోట పెన్సిల్ గీత. పుట్టిన ఎనిమిదో రోజున తండ్రి ఒమోరో పసి కుంటా చెవిలో పేరు చెప్పే చోటు అది. ఎవరి పేరు ముందు వాళ్లకే తెలియాలట. పక్కన సన్నటి అక్షరాలు: 'మా బారసాల'. అదే బిడ్డను తర్వాత వర్జీనియాలో టోబీ అంటారు, పారిపోతే పాదం నరుకుతారు. అక్కడ గీతల్లేవు. పేజీ మూల మాత్రం బాగా నలిగింది.

ఇప్పటి యజమాని గ్రూప్స్‌కి చదివే కుర్రాడు. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే. నారాయణగూడలో పాత పేపర్ల కొట్టులో మోడల్ పేపర్లు ఏరుతుంటే చేతికి తగిలింది.

నిన్న రాత్రి వీధిలో బరాత్ వెళ్లింది, ముందు మర్ఫా. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వదళం ఉండేది. మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ పేరు దానిదే. ఆ దళంవారి వారసులైన సిద్దీలూ, బార్కస్ అరబ్బులూ ఈ ఊరి పెళ్లిళ్లకి అలవాటు చేసిన దరువు మర్ఫా. కుర్రాడప్పుడే, డ్రమ్ము చేసుకోవడానికి దుంగ కోసం అడవికెళ్లిన కుంటా పట్టుబడే చోట ఉన్నాడు. హాల్ టికెట్ అడ్డం పెట్టి లేచి, కిటికీ రెక్క తోశాడు. దరువు సందు మలుపు తిరిగేదాకా మళ్లీ పేజీ తిప్పలేదు.