మూడువందల ఏళ్ళ టికెట్టు

2025 అక్టోబరు 6, సోమవారం నుంచి నేను పర్యావరణ ప్రేమికుణ్ణయ్యాను. ఇందులో నా గొప్పేమీ లేదు. ఉప్పల్‌లో ఎప్పుడూ ఎక్కే బస్సే ఎక్కాను, మెహిదీపట్నం టికెట్టు అడిగాను, కండక్టరు ఎప్పటికన్నా పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు. దేనికన్నా అంటే, "ఎలక్ట్రిక్ బస్సుల కోసమట సార్, మనమేం జేస్తం" అన్నాడు. మేమున్నది మాత్రం డీజిలు బస్సు. వెనక పొగ, లోపల చిరిగిన సీట్లు, ఫుట్‌బోర్డు మీద నలుగురు. ఎప్పుడో రాబోయే 2,800 బస్సులకు ఇప్పుడే చందా. మొదటి మూడు స్టేజీల దాకా అయిదు, నాలుగో స్టేజీ నుంచి పది. ప్లాటు చూపించకుండా డబ్బు కట్టించుకునే ప్రీలాంచ్ ఆఫర్లకు ఈ ఊరు అలవాటు పడిందే. బస్సులకు కూడా పెడతారనుకోలేదు, అంతే.

అంతకు నాలుగు రోజుల ముందు దసరా. మా అపార్ట్‌మెంటు సెల్లారులో మూడో అంతస్తు ఆయన కొత్త కారుకు పూజ చేయించాడు. టైర్ల కింద నిమ్మకాయలు, ఆకుపచ్చ నంబరు ప్లేటుకు కుంకుమ బొట్టు. కోటి రూపాయల ఎలక్ట్రిక్ బండి. రోడ్డు టాక్సు ఎంతయిందండీ అన్నాను మర్యాదకు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు.

ఆ సున్నా నన్ను నిద్ర పోనివ్వలేదు. ఇరవై లక్షలు దాటిన పెట్రోలు కారుకు 2022లో పెట్టిన 18 శాతం లెక్కనే వేసుకున్నా, కోటికి పద్దెనిమిది లక్షలు. అంతా మాఫీ. 2024 నవంబరులో వచ్చిన 41వ జీవో పుణ్యం, 2026 డిసెంబరు 31 దాకా అమల్లో ఉంటుంది. 2020 నాటి ఎలక్ట్రిక్ వాహనాల పాలసీలో మొదటి 5,000 కార్లకే మాఫీ అని ఒక హద్దయినా ఉండేది. ఇప్పుడు ఎన్నయినా కొనుక్కోవచ్చు, ఎంతదయినా కొనుక్కోవచ్చు. స్కూటీ కొన్న గుమాస్తాకు పన్నెండు వేలు మిగిలితే కోటి కారు కొన్నాయనకు పద్దెనిమిది లక్షలు. ఎవరి ఆకలిని బట్టి వాళ్ళకు వడ్డన.

ఇక నా పది రూపాయలు. ఆయనకు వదిలేసిన పద్దెనిమిది లక్షలు నా పదులతో పూడాలంటే లక్షా ఎనభై వేల సార్లు బస్సెక్కాలి. రోజుకు రెండుసార్లు, ఏడాదికి 300 రోజులు ఎక్కినా మూడువందల ఏళ్ళు.

అంటే నేను 1725లో ఎక్కి ఉండాల్సింది. నిజాముల్ ముల్క్ దక్కన్‌లో పాగా వేసిన మరుసటి ఏడాదన్నమాట. బస్సు లేదు కాబట్టి ఎడ్లబండి అనుకుందాం, బండివాడే కండక్టరు. ఏడుగురు నిజాములూ నా కళ్ళముందే వెళ్ళిపోయేవారు. 1908లో మూసీ పొంగినప్పుడు సెలవు పెట్టేవాణ్ణి. ఏడాదికి 65 రోజులు ముందే వదిలేశాను గనక లెక్క చెడదు. 1932లో నిజాం సర్కారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టేనాటికే నేను రెండువందల ఏళ్ళ సర్వీసున్న పాసింజర్ని. ఆ తర్వాత పోలీసు చర్య, విశాలాంధ్ర, తెలంగాణ. ఒక్క రోజు టికెట్టు ఎగ్గొట్టకుండా పదేసి కట్టుకుంటూ వస్తే, ఇదిగో, ఈ దసరాకు మూడో అంతస్తు ఆయన నిమ్మకాయలు తొక్కించే వేళకు మా ఇద్దరి లెక్కా సరిపోతుంది. అదీ ఆయన రెండో కారు కొనకుండా ఉంటేనే.

ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సుకూ ఆ జీవోలోనే మాఫీ ఉంది కదా అంటారు తెలిసినవాళ్ళు. ఉంది. కారు మాఫీ కారు కొన్నవాడి జేబులో మిగిలింది. బస్సు మాఫీ ఎవరి జేబులో మిగిలిందో నా టికెట్టు మీద అచ్చు వెయ్యలేదు.

నవ్వుతూ రాద్దామనుకున్నాను గానీ ఇక్కడికొచ్చేసరికి ఒళ్ళు మండుతోంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళు ఊరికే బస్సెక్కుతున్నారని, ఉచితాలు రాష్ట్రాన్ని ముంచేస్తాయని టీవీల్లో కూర్చుని గుండెలు బాదుకునేవాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఈ పద్దెనిమిది లక్షల ఉచితం గురించి నోరెత్తగా నేను వినలేదు. పాచిపనికి పోయే మనిషికి ఇస్తే ఉచితం. కోటి కారు యజమానికి ఇస్తే ప్రోత్సాహకం. ఆ కారు మాత్రం తక్కువ చోటు పడుతుందా? రెండు టన్నుల ఇనుము ఒక్క మనిషిని ఎక్కించుకుని సిగ్నల్లో నా బస్సుకు అడ్డంగా నిలబడుతుంది. పొగ లేకుండా నిలబడుతుంది, నిజమే. దాని కరెంటు పొగ రామగుండం వాళ్ళు పీలుస్తారు.

సైకిలు సంగతీ చెప్పాలి. 2019 ఆగస్టు నుంచి ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతం. 2025 సెప్టెంబరు 22 దాకా సైకిలు మీద 12. పాలప్యాకెట్లు వేసే కుర్రాడి సైకిలు కన్నా కోటి రూపాయల కారే భూమాతకు తేలికని ఆరేళ్ళపాటు ఢిల్లీ పెద్దలు నమ్మారు. ఇప్పుడు రెంటికీ 5 చేసి పండగ చేసుకోమన్నారు. ఇక్కడ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలారు కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. దాని దాకా సైకిళ్ళు కారు మీద ఊరేగుతూ వెళతాయి.

జీతగాళ్ళకు ఆఫీసుకు పోయే ఖర్చు కింద నెలకు 1,600 రూపాయల మీద ఆదాయపన్ను ఉండేది కాదు. 2018లో ఆ మినహాయింపును ఎత్తేసి స్టాండర్డ్ డిడక్షన్‌లో కలిపేశారు. కారున్నవాడికీ లేనివాడికీ అదే. 2025 జూన్‌లో మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సు నెల పాసు 1,300 నుంచి ఎంతకు పెంచారో తెలుసా? సరిగ్గా 1,600కు. మెట్రో రైలు సంగతి అడక్కండి, పెంచాక తగ్గించారు, తగ్గించాక కూడా పెరిగే ఉంది.

నిన్న సాయంత్రం మూడో అంతస్తు ఆయన మా తలుపు తట్టాడు. చేతిలో ప్రసాదం.

"సార్, మీకు బండి లేదు కదా. మీ పార్కింగ్ ఖాళీగానే ఉంటోంది. మా పాత డీజిలు బండి అక్కడ పెట్టుకోవచ్చా?"

"అమ్మెయ్యలేదా?"

"ఊళ్ళకు వెళ్ళాలంటే అదే నమ్మకం సార్. చార్జింగు గొడవుండదు."

అద్దె ఇస్తే పెట్టుకోమన్నాను. ఎంత అన్నాడు. మొదటి మూడు రోజుల దాకా రోజుకు అయిదు, నాలుగో రోజు నుంచి పది అన్నాను. పదో తేదీకల్లా యూపీఐ చేస్తానని సంబరంగా మెట్లు దిగాడు.