చేనుకు తెగులు

జుక్కల్ వైపు మగవాళ్లకు భాషలకు కొదవలేదు. ఇంట్లో తెలుగు, దెగ్లూర్ బజారులో మరాఠీ, ఔరాద్ చుట్టాలతో కన్నడ. మా కాకకైతే ఉర్దూ కూడా వచ్చు. ఇన్ని వచ్చినా, తొడల సందున దురద పెడుతోందని చెప్పుకోవడానికి ఒక్కటీ అక్కరకు రాలేదు.

ఇలాంటి కాక మీ ఇంట్లోనూ ఉంటాడు. పక్కింటాయన మొలల సంగతి కట్ట మీద గంటసేపు చెప్తాడు. బర్రె ఈనిన కథను అన్నం తినేవాళ్ల ముందు పూసగుచ్చుతాడు. తన పంచె లోపలి సంగతికి మాత్రం మౌనవ్రతం. అటు ఒరిగి, ఇటు ఒరిగి కూర్చుంటుంటే ఏమైందని అడిగాను. "చీమలున్నయ్ రా" అన్నాడు. కట్టకు పట్టిన చీమలు అంతమందిలో ఆయన్నొక్కణ్నే వెతుక్కుంటూ వచ్చాయన్నమాట.

మెడలో తులసిమాల, ఏటా పండరిపురం. దురద కంటే ఆ మాల పరువే ఆయనకు బెంగ. "యాడనో తిరిగి అంటించుకున్నడంటరు!" ఈ దురద తెచ్చే ఈస్టు అనే బూజుకు తిరుగుళ్లతో పనిలేదు. అది చాలామంది ఒంటిమీద, పేగుల్లో చడీచప్పుడు లేకుండా బతుకుతూనే ఉంటుంది. తడి, చక్కెర దొరికినచోట పెచ్చు పెరుగుతుంది. ఆలుమగల మధ్య అంటుకోవచ్చు గానీ, బ్రహ్మచారికీ రావచ్చు. ఇదంతా చెప్దామంటే మనిషి చిక్కితే కదా!

వైద్యం వేపాకు నీళ్లతో మొదలై, కర్పూరం కలిపిన కొబ్బరినూనె మీదుగా డెట్టాల్ దాకా వచ్చింది. డెట్టాల్ పోసుకున్న సాయంత్రం ఊరి చుట్టూ పరుగులాంటి నడక. మెడికల్ షాపుకు పోతే గల్లాపెట్టె దగ్గర వియ్యంకుడి తమ్ముడు. జండూబామ్ కొనుక్కొచ్చాడు. దెగ్లూర్‌లో మనల్నెవరు గుర్తుపడతారని బస్సెక్కి, దారిపొడవునా మరాఠీలో మాటలు కూర్చుకుని దుకాణం ముందు నిలబడ్డాడు. "మీదే ఊరు పటేలా?" అన్నాడతను శుభ్రమైన తెలుగులో. వాళ్ల మేనత్తను మద్నూర్‌లోనే ఇచ్చారట. ఇంకో జండూబామ్.

అప్పుడు తట్టింది ఆయనకు ఉపాయం. ఎరువుల దుకాణానికి పోయి "చేనుకు తెగులు పట్టింది, బూజు లెక్క తెల్లగ ఉన్నది, ఎర్రగైతున్నది" అని లక్షణాలన్నీ పొల్లుపోకుండా చెప్పాడు. "ఏం పంట?" అంటే "సోయా". ఆ పెద్దమనిషి పంపుకు ఎంత కలపాలో చెప్పి పొడి పొట్లం చేతిలో పెట్టాడు. పాండురంగడి దయ, కాక దాన్ని నిజంగా సోయా మీదనే కొట్టాడు.

తర్వాత ఎవరో ఇచ్చిన ట్యూబు రెండురోజులు స్వర్గం చూపించింది. అందులో స్టెరాయిడ్ ఉంది. అది మంటను జోకొడుతుంది, బూజును మాత్రం మేపుతుంది. అలాంటి పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లోనే కేంద్రం రూలు తెచ్చింది. చీటీ కావాలంటే నోరు తెరవాలి, కాక తెరవడు. వారంలో దురద రెండింతలైంది. (ఇంత రాశాను గానీ, ఆ చోటు పేరు నేనూ ఇంతవరకు రాయలేదు. ఒకే రక్తం.)

చివరికి మా కాకి, అంటే కాక పెండ్లాం, ఆయన్ను బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మను చూడగానే వెనక్కి మళ్లబోయిన మనిషిని కాకి మోచెయ్యి పట్టి ఆపింది. డాక్టరమ్మ ముందు వేలు చూపమంది. షుగర్ మూడొందలకు దగ్గర! రక్తంలో సుమారు 180 దాటితే చక్కెర మూత్రంలోకి దిగుతుందని, ఆ తీపి తడికే ఈ బూజు మరుగుతుందని, మాటిమాటికీ వస్తే ముందు చూసుకోవాల్సింది షుగరేనని చెప్పింది. క్లోట్రిమజోల్ పూత రోజుకు రెండుసార్లు, రెండువారాలు. సబ్బులు, డెట్టాళ్లు బంద్. మంచినీళ్లతో కడిగి తడి లేకుండా తుడుచుకోవాలి. కాకికీ దురద ఉంటే ఆమెకూ మందు. షుగర్ చూస్తానని ఆశా కార్యకర్త వచ్చినప్పుడల్లా ఈయన చేన్లో దాక్కున్నాడని కాకి అక్కడే చెప్పేసింది.

దురద తగ్గింది, రోజుకు ఐదు చాయ్‌లు తగ్గలేదు. షుగర్ దిగట్లేదని డపాగ్లిఫ్లోజిన్ రాశారు. అది చక్కెరను మూత్రంలోంచే బయటికి తోస్తుంది. శుభ్రత చూసుకో, బూజు మళ్లీ రావచ్చని కూడా చెప్పి పంపారు.

మొన్న మాఘమాసంలో ఫోన్ చేశాడు. "అరే, సోయాకు మళ్ల తెగులొచ్చినట్టుంది."

"ఇప్పుడు సోయా ఎక్కడిది కాకా?"

కాసేపు సప్పుడు లేదు. "సరే తియ్, శెనగ అనుకో" అన్నాడు.