మణికట్టు మీద అరగంట

ఉప్పల్ స్టేషన్‌లో పొద్దున తొమ్మిదింటికి మెట్రో ఎక్కి చూడండి. తలుపులు మూసుకోగానే ఒక మూల నుంచి వెనిలా, ఇంకో మూల నుంచి ఊదు, నడుమ ఎవరో కుర్రాడు సగం డబ్బా ఒంటిమీద కుమ్మరించుకొచ్చిన డియో. ఏసీలో అన్నీ కలిసి, తార్నాక వచ్చేలోపు నా కణతలు పట్టేస్తాయి. 2017లో మెట్రో వచ్చినప్పుడు దుమ్మూ పొగా తప్పాయని సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. ఇదెవరు ఊహించారు! మా రోజుల్లో నాచారం ఫ్యాక్టరీలకు డ్యూటీకి పోయే సిటీ బస్సులో చెమట, బీడీ, టిఫిన్ డబ్బాలోని మామిడికాయ తొక్కు, అన్నీ వాసనలే. హాయిగా ఉండేదని అబద్ధం చెప్పను. కాకపోతే ఆ వాసనల కోసం ఎవడూ రెండు వేలు పెట్టలేదు.

సెంటు అనేది అప్పట్లో పెళ్లికో పండక్కో. మామూలు రోజుల్లో సబ్బు, మెడ మీద తెల్లగా కనపడేంత పౌడరు. ఆడవాళ్లకు జడలో మల్లెలు, మరువం. పెళ్లింటి గుమ్మంలో గంధం గిన్నె, పన్నీరు బుడ్డి. జ్వరమొస్తే నుదుటి మీద ఓడికొలోన్‌లో తడిపిన గుడ్డ. ఆ ఓడికొలోన్ జర్మనీలోని కొలోన్ నగరానిదనీ, అక్కడ ఫరీనా వాళ్ల దుకాణం 1709 నాటిదనీ మాకేం తెలుసు? మాకది మందు.

అత్తరు కావాలంటే మాత్రం పాతబస్తీకి పోవాలి. పత్తర్‌గట్టీలో దుకాణం గద్దె మీద కూర్చున్న సాయిబు నిన్ను పైనుంచి కిందికి చూసి, నువ్వడిగింది పక్కనపెట్టి తనకు తోచిన సీసా తీసేవాడు. గాజు పుల్లతో మణికట్టు మీద ఒక గీత. బాగుంది, ఇచ్చెయ్యమంటే ఇవ్వడు. "జాకే చాయ్ పీకే ఆవో" అని పంపేసేవాడు. ఇరానీ హోటల్లో చాయ్ తాగి, అరగంట తర్వాత చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే అది వేరే వాసన. అది నచ్చితేనే పావు తులమో అర తులమో తీసుకోవడం.

ఆ అరగంటలోనే ఉంది కిటుకంతా. పూయగానే వచ్చేది నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసన. పావుగంటలో ఎగిరిపోతుంది. తర్వాత గులాబీ, మల్లె వంటి పూల వాసన పైకొస్తుంది. అదీ సద్దుమణిగాక గంధం, వట్టివేరు, కస్తూరి లాంటి బరువైనవి మిగిలి సాయంత్రం దాకా నీతో ఉంటాయి. అంగట్లో కాగితం ముక్క మీద కొట్టి ఇచ్చేది ఆ మొదటి పావుగంటనే. దాన్ని చూసి డబ్బులిచ్చి వచ్చేవాణ్ని ఏమనాలి?

మా మనవడికి ఆ కాగితం ముక్క కూడా అక్కర్లేదు. ఫోన్లో ఎవడో వీడియోలో సీసా ఊపుతూ చెబితే కొనేస్తాడు. వాసన వీడియోలో ఎట్లా వస్తుందిరా అంటే, "తాతా, గిది పన్నెండు గంటలుంటది, పది ఫీట్ల దూరం కొడతది" అంటాడు. పది అడుగుల అవతల ఉన్నవాడు అడిగాడా నిన్ను? వాసన అన్నది దగ్గరికొచ్చిన మనిషికి తెలియాలి గానీ, ఉప్పల్ చౌరస్తా స్కైవాక్ మీద పోయేవాళ్లందరికీ దండోరా వెయ్యడమెందుకు?

సరే, వాడి సీసాల మీద రాసి ఉన్నవన్నీ కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఆల్కహాల్‌లో సుగంధ తైలం ఎంత కలిపారన్నదే తేడా. పర్ఫాం అంటే వందకు 20 నుంచి 30 పాళ్లు. ఓ ద పర్ఫాం అయితే 15 నుంచి 20. ఓ ద టాయ్‌లెట్ 5 నుంచి 15. కొలోన్ 2 నుంచి 5. బాడీ మిస్ట్ అంటే ఇంచుమించు నీళ్లే. ఈ లెక్కలకు చట్టమేమీ లేదు, కంపెనీని బట్టి అటూ ఇటూ అవుతాయి. పైగా పాళ్లు ఎక్కువైనంత మాత్రాన నిమ్మ వాసన రాత్రిదాకా ఉండదు, పాళ్లు తక్కువైనా గంధపు వాసన అంత తొందరగా పోదు. లోపల ఏముందో చూడకుండా పేరు చూసి కొంటే ఇంతే సంగతులు.

అత్తరులో ఆల్కహాల్ ఉండదు. కన్నౌజ్‌లో రాగి డేగుల్లో పూలు వేసి, కట్టెల మంట మీద కాచి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి దించుతారు. చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, ఊరంతా తిరగదు. గంధం ధర ఆకాశానికి పోయాక చాలామంది అడుగున పారఫిన్ నూనె వాడుతున్నారు. కాబట్టి వంద రూపాయలకు గులాబీ అత్తరని ఎవడైనా అంటే నవ్వి ఊరుకోండి. కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు టన్నుల పూలు పోయాలి. మా రోజుల్లోనూ దొంగ సరుకు లేకపోలేదు. నుమాయిష్‌లో రూపాయికి రెండు సీసాల సెంటు కొని చొక్కా మీద పచ్చ మరక చేసుకున్నవాళ్లు మా కాలనీలో బోలెడుమంది.

ఉప్పల్ పక్కనే బోడుప్పల్‌లో సీమాప్ పరిశోధన కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వానిది. నిమ్మగడ్డి, పామారోజా, వట్టివేరు, జెరేనియం లాంటి సుగంధపు మొక్కల మీద అక్కడ పరిశోధనలు చేశారు. పామారోజా అంటే ఉత్త గడ్డి. దాని నూనెలో జెరానియోల్ దండిగా ఉంటుంది, గులాబీ పరిమళంలోనూ ఉండేది అదే. మీ సబ్బులో గులాబీ చాలాసార్లు ఇట్లాంటి గడ్డిదే. ఆ గేటు ముందు నుంచి రోజూ బండి మీద పోయే మనవడికి దుబాయ్ సీసాలో ఊదు ఎవరు పోశారో తెలుసు, ఇది తెలియదు.

ఇక ఎవరికేది నప్పుతుందంటే, ముందు ఎండను చూడాలి. మే నెలలో మన దగ్గర నలభై రెండు డిగ్రీలు. ఆ వేడికి ఊదు, అంబర్, తియ్యటి వెనిలా ఉడికిపోయి మొహం మొత్తిస్తాయి. మా రోజుల్లో కిటికీలకు వట్టివేరు తడకలు కట్టి నీళ్లు చల్లేవాళ్లం. ఎండాకాలం ఒంటికీ ఆ వట్టివేరే మంచిది, లేదంటే నిమ్మజాతి, మల్లె. ఊదు, హీనా డిసెంబరు రాత్రులకు ఉంచుకోండి. వైశాఖంలో జరిగిన మా పెళ్లికి మా మామగారు వచ్చినవాళ్లందరికీ హీనా పూయించారు. పందిట్లో సగంమంది తలపోటుతో భోజనాలకు లేవలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు, వంట బాగాలేకపోవడం వల్ల అంటుంది.

తర్వాత చూడాల్సింది ఒళ్లు. పొడి చర్మం మీద ఏదీ నిలవదు, ముందు కాస్త వాసన లేని క్రీము రాసుకోవాలి. అన్నదమ్ములిద్దరి మీద ఒకే సీసా రెండు రకాలుగా ఉంటుంది. ఒకే పూట మూడింటికి మించి చూడొద్దు, ముక్కు మొద్దుబారుతుంది. అంగట్లో అమ్మాయి కాఫీ గింజలు చేతికిస్తుంది గానీ, బయటికొచ్చి ఉత్త గాలి పీల్చుకున్నా అంతే ఫలం. ఈ కాలంలో నాకు నచ్చినది ఒక్కటుంది. రెండు మిల్లీలీటర్ల చిన్న సీసాలు విడిగా అమ్ముతున్నారు. వారం వాడి, ఇంట్లోవాళ్లకు తలనొప్పి రాలేదని తేలాకే పెద్దది కొనొచ్చు. మా సాయిబు పావు తులమే మళ్లీ వచ్చిందన్నమాట, ధర మాత్రం అప్పటిది కాదు.

కొన్నాక దాన్ని ఎండ, వేడి, తేమ తగలని చోట దాచాలి. మనవడు తన సీసాలన్నీ బాత్రూములో గీజరు కింద వరసగా పేర్చాడు. వేడికి వాసన చెడుతుందిరా, బీరువాలో పెట్టుకో అంటే వాడి జవాబు, "గాడ అద్దం లేదు కద తాతా."