సీసాలో ఉన్న ఎముకను నేను

పశువైద్య కళాశాల బీరువాలో, ఫార్మలిన్ సీసాలో ఉన్నాను. నల్లోడనే వీధికుక్క కుడి తొడ ఎముక తలను. వాడి ఒంట్లో ఉన్నన్నాళ్లూ తుంటి గిన్నెలో గిరగిరా తిరగడమే నా కొలువు.

ఒక ఆటో వాణ్ణి గుద్దింది. నన్ను గిన్నెకు కట్టిపడేసిన లిగమెంటు తెగింది, కీలు చుట్టూ ఉన్న తిత్తి చిరిగింది. పిర్ర కండరాలు నన్ను పైకీ ముందుకీ ఈడ్చాయి. కుక్కల్లో తుంటి తప్పితే ఎక్కువగా ఇలాగే తప్పుతుంది. డాక్టరుగారు వెనక కాళ్లు రెండూ చాపి చూస్తే కుడిది పొట్టిగా కనబడింది. ఎక్స్‌రే తీస్తే సంగతి తేలిపోయింది.

ముందు మత్తిచ్చి, కోత లేకుండానే లాగి గిన్నెలో కూర్చోబెట్టారు. కాలు నేలకు ఆనకుండా ఎనిమిది అంకెలా తిప్పి కట్టు కట్టారు. దాన్ని ఎమర్ స్లింగ్ అంటారు. దెబ్బ తగిలిన రెండుమూడు రోజుల్లో అయితే ఇది నిలిచే అవకాశం ఎక్కువ. నల్లోడు వచ్చేసరికి వారం దాటింది. మళ్లీ జారాను.

ఎముకకు తూటు పొడిచి, గట్టి దారం దూర్చి, గిన్నె అవతల చిన్న కడ్డీతో బిగించే టాగుల్ పద్ధతి ఉంది. కానీ ఈలోగా నా నున్నటి మృదులాస్థి ఒరుసుకుపోయింది. పూర్తిగా కొత్త కీలు వేయడమంటే వాణ్ణి తీసుకొచ్చిన ఇడ్లీ బండి అమ్మ మోయలేని ఖర్చు.

"తల కోసి తీసేద్దామమ్మా."

"అయ్యో, ఎముక తీసేస్తే ఎట్టా నడుస్తాడు సారూ?"

నాకూ అదే అనుమానం. ఆక్స్‌ఫర్డ్ సర్జన్ గర్డిల్‌స్టోన్ చీము పట్టిన మనుషుల తుంటికి చేసిన ఆపరేషన్‌కు ఈ తల తీసేయడం చుట్టం. నన్ను తీసేశాక ఎముకతో ఎముక రాసుకోదు కాబట్టి నొప్పి పోతుంది. ఆ ఖాళీలో పీచులాంటి కణజాలం పెరుగుతుంది, బరువు కండరాలు మోస్తాయి. పెద్దగా బరువులేని కుక్కలకు ఇది బాగా కుదురుతుంది. తొడ ఎముక మెడ దగ్గర కోత నున్నగా ఉండాలి. ముల్లులా అంచు మిగిలిందంటే మళ్లీ నొప్పే.

నా లెక్కలో రంపం చేసింది సగం పనే. కాలు వాడకపోతే కండ ఎండిపోతుంది. అందుకే నొప్పి మందు వేసి, కుట్లు మానుతుండగానే మెల్లగా నడిపించమన్నారు. ఆ అమ్మ రోజూ బండి చుట్టూ తిప్పింది.

మొన్న రేబిస్ టీకాకు వచ్చాడు. కాలు రవ్వంత పొట్టి, నడకలో కాస్త ఊపు ఉన్నాయి గానీ పిల్లి కనబడగానే నాలుగు కాళ్లూ పనిచేశాయి. ఆవిడ సీసా వంక చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇంతేనా! దీనికా సారూ అంత గోల?"