టెలిస్కోపుల కొండ మీద వినకూడని ఎనిమిది సలహాలు

2003 జనవరి 18, శనివారం. జనవరి అంటే ఆస్ట్రేలియాలో నడివేసవి. రాజధాని కాన్‌బెర్రా పడమటి అంచున ఉన్న మౌంట్ స్ట్రామ్లో వేధశాలను ఆ మధ్యాహ్నం కార్చిచ్చు చుట్టేసింది. ఐదు టెలిస్కోపులు, వర్క్‌షాపు, లైబ్రరీ, సిబ్బంది ఇళ్ళు కాలిపోయాయి. ఆ రోజు కాన్‌బెర్రాలో నలుగురు చనిపోయారు, ఐదు వందల దాకా ఇళ్ళు బుగ్గయ్యాయి. కొండ మీద పోయినవాటిలో 1868లో డబ్లిన్‌లో తయారైన గ్రేట్ మెల్‌బోర్న్ టెలిస్కోపు ఒకటి. నూరేళ్ళు దాటిన వయసులో కూడా, 1990లలో, అది కృష్ణపదార్థాన్ని వెతికే పనిలో ఉంది.

వేధశాలకు ఎత్తు కావాలి, చీకటి కావాలి, పొడిగాలి కావాలి, ఊరికి దూరం కావాలి. అందుకే చాలా వేధశాలలకు చుట్టూ అడవి, ఒకటే ఘాట్ రోడ్డు, ఫైర్ స్టేషనేమో ఎక్కడో కింద. చదువుకో ఉద్యోగానికో అలాంటి కొండలెక్కుతున్నవాళ్ళలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఈ జాబితా వాళ్ళ కోసం. ఇందులోని సలహాలన్నీ మంచి మనసుతో చెప్పేవే, వినడానికి సబబుగా ఉండేవే. అందుకే వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

1. “ఇనుము, కాంక్రీటు కట్టడం. దీనికేం కాదు.”

స్ట్రామ్లో మీదివీ గట్టి కట్టడాలే. కాలిన గోపురాల మొండిగోడలు అక్కడ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, లోపలి టెలిస్కోపులే లేవు. కార్చిచ్చులో భవనాలు ఎక్కువగా అంటుకునేది ఎదురుగా వచ్చే మంటతో కాదు, గాలిలో ముందే ఎగిరొచ్చే నిప్పురవ్వలతో. డోము తిరిగే పట్టాల కింది ఖాళీ, గాలి కోసం పెట్టిన జాలీ, కేబుళ్ళు గోడ దాటే కన్నం, చూరు కాలవలో పేరుకున్న ఎండుటాకులు: రవ్వకు ఇందులో ఏదైనా చాలు. ఒకసారి లోపల పడిందంటే రబ్బరు, ప్లాస్టిక్, నూనె దాని కోసం సిద్ధంగా ఉంటాయి.

వేసవికి ముందే, పరిశీలన లేని ఒక మబ్బు రాత్రి చూసి, డోములో లైట్లన్నీ వేసి మీరు బయట నిలబడండి. వెలుతురు కారే ప్రతి సందులోంచీ రవ్వ దూరగలదు. ఆ సందులన్నీ రాసుకుని, సన్నటి ఉక్కు జాలీతోనో నిప్పుకు తట్టుకునే పూతతోనో మూసేయండి.

2. “చెట్లు కొట్టడం పాపం. అవే మనకి చల్లదనం.”

అన్నీ కొట్టమని ఎవరూ అనడం లేదు. స్ట్రామ్లోను చుట్టుకుని పైన్ తోటలు ఉండేవి. రాలిన పైన్ సూదులు ఎండితే చిచ్చుబుడ్డిలోని మందు లాంటివే. గోడలకు ఆనుకున్న పొదలు తీసేయాలి, పెద్ద చెట్లకు కింది కొమ్మలు నరకాలి, నేల మీది మంట చెట్టెక్కడానికి నిచ్చెన లేకుండా చూడాలి. కాలిఫోర్నియాలో ఇలాంటి చోట్ల కట్టడం చుట్టూ 100 అడుగుల మేర ఈ పని చేయాలని చట్టమే ఉంది.

స్ట్రామ్లో కాలిన పదేళ్ళకు, 2013 జనవరి 13న, స్ట్రామ్లోను నడిపే విశ్వవిద్యాలయానిదే అయిన సైడింగ్ స్ప్రింగ్ వేధశాల మీదికి వారంబంగిల్ అడవి నుంచి మంట ఎక్కింది. స్ట్రామ్లో నేర్పిన పాఠంతో అక్కడ ముందే చెట్లు తగ్గించారు, సందులు మూశారు. చుట్టుపక్కల యాభైకి పైగా ఇళ్ళు కాలాయి గాని, 3.9 మీటర్ల ఆంగ్లో-ఆస్ట్రేలియన్ టెలిస్కోపు దక్కింది. మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు.

3. “మంట కనిపించాక బయల్దేరొచ్చు.”

మంట ఎత్తు వైపు పరుగెడుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే దాని వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఆస్ట్రేలియాలో అగ్నిమాపక దళాలకు నేర్పే లెక్క. అంటే ఇరవై డిగ్రీల వాలు మీద నాలుగింతలు. మీరుండేది ఆ వాలు చివర. మీరు దిగాల్సిన రోడ్డు దాని మధ్యలోంచి పోతుంది. పొగ కమ్మితే పట్టపగలే మలుపు కనపడదు, ఎదురుగా ఫైరింజన్లు వస్తుంటాయి, అడ్డంగా చెట్టో బండో పడి ఉండొచ్చు.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటే ఇదే. దిగాల్సిన గడియను మంటకు వదిలేయకండి, ముందే కాగితం మీద పెట్టుకోండి: మంట ఫలానా గుట్ట దాటితే దిగుతాం, గాలి ఫలానా వేగం మించితే ఆ రోజు అవసరం లేనివాళ్ళెవరూ పైన ఉండరు. దిగడం అనవసరమైందని తర్వాత తేలితే పోయేది ఒక రాత్రి పరిశీలన, అంతే.

4. “ట్యాంకు నిండా నీళ్ళున్నాయి.”

ఉన్నాయి సరే, పంపు దేనితో నడుస్తుంది? అడవిలో మంట ముందుగా తెంపేది కరెంటు తీగలనే. డీజిలు పంపు ఒకటి ఉండాలి, లేదా నీళ్ళు వాటంతటవే దిగేంత ఎత్తులో ట్యాంకు ఉండాలి. ఫైరింజను గొట్టం మీ కొళాయికి సరిపోతుందో లేదో అగ్నిమాపక దళంవాళ్ళను పిలిచి వేసవికి ముందే బిగించి చూసుకోండి. ద్రవ నైట్రోజన్, గ్యాసు సిలిండర్లు, డీజిలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే పటం గేటు దగ్గర పెట్టండి. మీరు దిగిపోయాక కొండ మీద మీ తరఫున పోరాడేవాళ్ళకు అదే ఆధారం.

5. “పొగ పోవడానికి ఫ్యాన్లు ఆడనివ్వండి.”

ఫ్యాను పొగతో పాటు బూడిదనూ రవ్వలనూ లోపలికి లాగుతుంది. బూడిదకు తేమ తగిలితే క్షారమవుతుంది, అది అద్దం మీది సన్నటి అల్యూమినియం పూతను తినేస్తుంది. ఫ్యాన్లు, ఏసీలు ఆపండి. అద్దానికి మూత వేయండి, డోము మూయండి, కంప్యూటర్లను వరసగా ఆపండి. ఈ వరస ఒక్క పేజీలో రాసి గోడకు అంటించాలి. నిన్న చేరిన కుర్రాడు కూడా పదిహేను నిమిషాల్లో ముగించగలగాలి. ముగియకపోయినా సమయం అయిపోతే వదిలేసి రావాలని ఆ పేజీ చివర రాసి ఉండాలి.

6. “కోట్ల పరికరం. దాన్ని తీసుకునే దిగండి.”

స్ట్రామ్లో వర్క్‌షాపులో హవాయిలోని జెమిని నార్త్ టెలిస్కోపు కోసం నిఫ్స్ అనే స్పెక్ట్రోగ్రాఫును ఏళ్ళ తరబడి తయారుచేశారు. ఇక పంపడమే తరువాయి అన్న దశలో అది కాలిపోయింది. తయారుచేసినవాళ్ళ బాధ మాటలకందనిది. కానీ వాళ్ళున్నారు, వాళ్ళ అనుభవం ఉంది. నిఫ్స్‌ను మళ్ళీ తయారుచేశారు, అది హవాయి చేరి పని చేసింది. లైబ్రరీ సంగతి అలా కాదు, ఇంకెక్కడా ప్రతి లేని కాగితాన్ని మళ్ళీ తయారుచేయలేం.

కాబట్టి చేయాల్సింది పరికరాన్ని మోయడం కాదు. నమూనా చిత్రాలు, పరిశీలన డేటా, పాత లాగ్ పుస్తకాల స్కాన్లు ఏ సీజనుకా సీజను కొండ దిగి వేరే ఊళ్ళో ఉండాలి. అది ముందే జరిగి ఉంటే మంట రోజున మీ సంచిలో మందులు, పాస్‌పోర్టు, నీళ్ళు, ఫోను ఛార్జరు చాలు.

7. “మంట దాటిపోయింది, పైకి వెళ్దాం.”

కాలిన చెట్టు గాలి లేకపోయినా కూలుతుంది. వేళ్ళు మాడిన వాలు నుంచి బండలు జారుతాయి, మొదటి వానకే బురద పారుతుంది. అరిజోనాలోని కిట్ పీక్ వేధశాల మీదికి 2022లో కార్చిచ్చు వచ్చినప్పుడు గోపురాలన్నీ దక్కినా పరిశీలనలు మళ్ళీ మొదలవడానికి నెలలు పట్టింది. రోడ్డు సరే అని అగ్నిమాపక దళం చెప్పేదాకా ఆగండి. పైకి వెళ్ళాక కూడా డోము తెరవడం చివరి పని. ముందు బూడిద తుడవాలి, తీగలు పరీక్షించాలి.

8. “రాత్రంతా మేలుకున్నారు, పడుకోనివ్వండి.”

ఈ ఎనిమిదింటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఇది ప్రేమతో అనే మాట. ఖగోళ పరిశీలకులు తెల్లవారాక పడుకుంటారు. కిటికీలకు నల్లటి తెరలు, ఫోను సైలెంటు, వరండాలో అందరూ మెల్లగా నడుస్తారు. కార్చిచ్చు ఉధృతమయ్యేదేమో ఎక్కువగా మధ్యాహ్నం, ఎండా గాలీ ముదిరాక. ఊరంతా పొగ చూస్తున్న వేళ ఆ గదుల్లోవాళ్ళు మంచి నిద్రలో ఉంటారు.

ఇంకో సంగతి. సైడింగ్ స్ప్రింగ్‌లో పెద్ద టెలిస్కోపు దక్కింది, కానీ వచ్చిన పరిశీలకులు బస చేసే లాడ్జి కాలిపోయింది. కిట్ పీక్‌లో 2022 జూన్ 17న తెల్లవారకముందే మంట శిఖరానికి చేరి నాలుగు భవనాలను కాల్చింది, వాటిలో డార్మిటరీ ఒకటి. కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో 2020 ఆగస్టులో టెలిస్కోపులు మిగిలాయి, సిబ్బంది ఇల్లొకటి పోయింది. మూడు కొండల మీదా మంట తీసుకున్నవాటిలో మనుషులు పడుకునే చోటు ఉంది. టెలిస్కోపు క్షేమంగా ఉందంటే మీరూ క్షేమమని కాదు.

అందుకే బస తలుపు పక్కన పలక ఒకటి వేలాడదీయండి. ఎవరు ఏ గదిలో ఉన్నారు, ఎవరు పగలు పడుకుంటారు, ఎవరు కిందికి వెళ్ళారు అన్నది రోజూ సుద్దతో రాయండి. పేరు పేరునా లేపే బాధ్యత పగటి సిబ్బందిలో ఒకరికి అప్పగించండి, ఆయన సెలవు పెడితే ఇంకొకరికి. దిగే రోజున ఫోను మోగించి ఊరుకోకుండా ఆ పలక చూసుకుంటూ ప్రతి తలుపూ తట్టాలి, మనిషి బయటికి వచ్చి కారెక్కాకే పేరు తుడవాలి. పలక ఖాళీ అయ్యాక బండి కదలాలి.