నార్మల్ బాబాయ్

మా కాలనీలో ఆయన్ని అందరూ నార్మల్ బాబాయ్ అంటారు. ఆయన సంచిలోని కాగితాలన్నిటి మీదా చివర ఆ ముక్కే ఉంటుంది మరి. ఈసీజీ నార్మల్, టూడీ ఎకో నార్మల్, ఎండోస్కోపీ నార్మల్, తలకు తీయించిన ఎమ్మారై కూడా నార్మలే. ఇంకొకరైతే గుళ్లో కొబ్బరికాయ కొట్టేవారు. బాబాయ్ మాత్రం ఒక్క మార్కులో పరీక్ష తప్పిన కుర్రాడిలా ముఖం పెడతాడు. "చూశావుట్రా, ఈసారీ దొరకలేదన్నారు!"

దొరకనిదేమిటని పొరపాటున కూడా అడక్కూడదు. గుండె దగ్గర పట్టేస్తుంది, అక్కణ్ణుంచి వీపులోకి పాకుతుంది, అరికాళ్లలో మంటలు, వేళ్లలో తిమ్మిర్లు, ఆపైన గ్యాసు. బాబాయ్ గ్యాసు కడుపులో ఉండే రకం కాదు, సాయంత్రానికి తలకెక్కుతుంది. పిన్ని తాలింపు వేస్తూనే ఇదంతా వింటుంది. మధ్యలో "మోకాలు మర్చిపోయారు" అని అందిస్తుంది కూడా. ఇక రాత్రయితే ఫోను పట్టుకుంటాడు. తెల్లారేసరికి ఏదో ఒక అరుదైన జబ్బు ఖాయం.

నవ్వుతున్నాం గానీ, ఆ నొప్పి అబద్ధం కాదు. నాటకమే అయితే సొంత డబ్బు ఇంతింత తగలేసుకుంటారా ఎవరైనా? ఆందోళన ముదిరితే గుండె నిజంగానే దడదడలాడుతుంది, కండరాలు బిగుస్తాయి, కడుపు చెడుతుంది. వాటినే కనిపెట్టుకుని కూర్చుంటే ఇంకా ఎక్కువవుతాయి. ఫ్రాన్సులో మొలియేర్ ఇలాంటి రోగి మీదే నాటకం రాసి, ఆ వేషం తనే కట్టి, 1673లో నాలుగో ప్రదర్శన నాడు వేదిక మీదే జబ్బుపడి ఆ రాత్రే పోయాడు. ఈ సంగతి దయచేసి బాబాయ్ చెవిన వెయ్యకండి.

ఆమధ్య ఒక డాక్టరమ్మ ఆ సంచి విప్పనే లేదు. "నొప్పి నిజమేనండీ, స్కానింగులో కనపడదంతే" అని చెప్పి, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమంది. "అంటే నాకు పిచ్చా?" అని ఇంటికొచ్చి కంచం ముందు అలిగాడు బాబాయ్. పిన్నే బలవంతాన తీసుకెళ్లింది. అక్కడ పేరు దొరికింది: సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తన మానసిక వ్యాధుల పుస్తకంలోకి ఎక్కించిన పేరు. రిపోర్టులో ఏం తేలిందన్నది కాదట, ఆ బాధ చుట్టూ మనిషి ఎంత తిరుగుతున్నాడన్నదే అక్కడ లెక్క. వైద్యం మాటలతోనే. డాక్టరు ఒక్కరే ఉండాలి, కొత్త పరీక్షలు బంద్.

ఇప్పుడు బాబాయ్ కాస్త నయం. అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు. మొన్న ఎదురింటి మాస్టారు నడుం పట్టుకుని వచ్చి, స్కానింగులో డిస్కు జారిందని తేలింది బాబూ అని మూలిగారు.

బాబాయ్ ఆయన వైపు జాలిగా చూశాడు. "మీది కనపడే రకమేగా మాస్టారూ!"